కూసునే కారులో మక్తల్ బరాత్‌కు

తిరిగొచ్చిన నాటి నుంచి మా కరీంనగర్ గల్లీలో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్ని గుళ్లు చూసొచ్చినవ్?" ఒక్కటి కూడా చూడలేదంటే ముఖం అదోలా పెడుతున్నారు. రిటైరైన ఆడమనిషి సంచి సర్దుకుని ఒంటరిగా బయలుదేరిందంటే తీర్థానికే పోవాలని వాళ్ల లెక్క. నేను పోయింది చీర కోసం. చూసొచ్చింది ఒక కారును, అది నడిచిన తీరును. పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఉద్యోగమంతా బస్సులో టికెట్లు కొట్టినదాన్ని. "జరగండి, జరగండి, టైమైపోతోంది" అని నిద్రలో కూడా అంటానని మా ఆయన వెక్కిరిస్తాడు. బండి ఆలస్యమైతే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అలాంటి నన్ను నల్లగొండ జిల్లా నుంచి కర్ణాటక సరిహద్దు దాకా, సైకిళ్లు కూడా దాటుకుని పోయే వేగంతో తీసుకుపోయారు. కోపం రావాల్సిన మాటే. మొదటి రోజు వచ్చింది కూడా.

గట్టుప్పల్: చీర కోసం పోతే

గట్టుప్పల్ మగ్గాల ఊరు. నూలుకు ముందే రబ్బరు ముక్కలతో కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. కట్టు పడిన చోట రంగు అంటదు కాబట్టి నేస్తుంటే పువ్వులు వాటంతటవే తేలుతాయి. నా చీరకు కట్లు కట్టిన ఆమె పేరు అండాలు. ఫోనులో మాట్లాడుకోవడమే తప్ప నేను ఆమెను చూడలేదు. ఫోనులో గొంతు ఖంగున మోగుతుంది కాబట్టి ఎత్తైన మనిషిని ఊహించుకున్నాను.

ఆ పక్క బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉండేది. అవి తాగి పెరిగినవాళ్లలో కొందరికి ఎముకలు బిగుసుకుపోయాయి. అండాలుకు నలభై దాటాయంతే. నడుము ముందుకు వంగి అట్లాగే ఉండిపోయింది. మోకాళ్లు సగమే ముడుచుకుంటాయి, పాదం గడప ఎత్తు కూడా లేవదు. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఎత్తు కుర్చీలో కూర్చుని, కట్టెకు బిగించిన నూలు మీద గబగబా కట్లు వేస్తోంది. ఇప్పుడు నల్లాలో మంచినీళ్లు వస్తున్నాయి, వీధిలో ఆడుకునే పిల్లలు నిటారుగా ఉన్నారు. నేను ఆ పిల్లల్ని చూస్తుంటే అండాలు కనిపెట్టింది.

"వాళ్లకేం కాదక్కా. మాతోనే అయిపోయింది. కూసో, తపాలచెక్క తిను."

మేం సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టెనే అక్కడ తపాలచెక్క అంటారు. మేం నువ్వులు కొద్దిగా వేస్తాం, వాళ్లు గుప్పెళ్లతో పోస్తారు. ఒప్పుకోవడానికి మనసు రాదు గాని, వాళ్లదే బాగుంది.

తింటుండగా వాకిట్లోకి ఒక పాత అంబాసిడర్ కారు వచ్చి ఆగింది. కుంకుమ రంగు. బానెట్ మీద, డోర్ల మీద నా చీరలోని పువ్వులే, అంచులు కొంచెం చెదిరినట్టు, అచ్చం నూలు మీద రంగు పాకినట్టే వేసి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే కారు బుస్సుమని కిందికి కూర్చుంది. మెల్లగా, గేదె పడుకున్నట్టు. పొట్ట నేలకు ఆనేదాకా దిగింది.

అందులోంచి దిగినవాడు అండాలు తమ్ముడు నర్సింహ. చండూరులో ట్రాక్టరు ట్రాలీలకు, లారీలకు రంగులేస్తాడు. మట్టి పోసేటప్పుడు ట్రాలీని పైకెత్తే జాకీ ఉంటుంది కదా, అలాంటివి నాలుగు తెచ్చి కారు కింద పెట్టించాడు. మీట ఒకవైపు నొక్కితే లేస్తుంది, ఇంకోవైపు నొక్కితే కూర్చుంటుంది. ఊళ్లో దాని పేరు కూసునే కారు.

"ఫోన్‌ల చూసిన కండక్టరమ్మా," అన్నాడు. "అమెరికాల గరీబోళ్లు పాత కార్లు కొనుక్కొని గిట్ల నేలకు దించి, రంగులేసి, ఆదివారం పూట గల్లీల మెల్లగ తిప్పుతరు. లోరైడర్లు అంటరంట. పైసలున్నోడు రయ్యిన పోతే ఎవడు చూస్తడు? వీళ్లు నడుచుకుంట పోయినట్టు పోతరు. గల్లీ అంత బయటికొచ్చి చూస్తది. అది చూసినంక నాకు మూడు రాత్రులు నిద్ర రాలే."

"షోకు కోసం చేసినవా?" అన్నాను. కండక్టరు నోరు, ఊరుకోదు.

"షోకు గూడ ఉన్నది," అని ఒప్పుకున్నాడు. "కని ముందుగాల అక్క కోసం."

మిగతాది అండాలే చెప్పింది. జీపు ఎక్కాలన్నా ఆటో ఎక్కాలన్నా ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి ఎత్తాలి. "నేనేమన్న బియ్యం బస్తానా, పట్టుకొని లోపలికి ఏసుటానికి? అందుకే ఎక్కడికి పోవుడే బంద్ చేసిన." ఇక ఊళ్లో పెండ్లిళ్లంటారా, బరాత్ ఊరేగింపు బయలుదేరగానే అందరూ ఎగురుకుంటూ ముందుకు పోతారు. ఈమెను మాత్రం సంచుల దగ్గర కూర్చోబెడతారు. "అక్కా, జర చూస్తుండు అంటరు. ఎన్ని పెండ్లిళ్ల సంచులు కావలి కాసిన్నో నాకే తెల్వదు."

ఇప్పుడు మక్తల్‌లో ఉన్న వాళ్ల పెద్దక్క కూతురు సంధ్య పెండ్లి. సంధ్య చిన్నప్పుడు ఈ ఇంట్లోనే ఉండి, అండాలు చేతి అన్నం తిని చదువుకుంది. అండాలు పెట్టిన షరతు ఒక్కటే. పెండ్లికి పోతుంది, సంధ్య బరాత్‌లో తానూ నడుస్తుంది. ఎవ్వరూ ఎత్తకూడదు. ఎవ్వరూ సంచుల దగ్గర కూర్చోబెట్టకూడదు.

"దారి పొడుగున అక్కకు ఆడతోడు ఉంటే మంచిగుంటది. మీరు గూడ రారాదు?" అన్నాడు నర్సింహ. నాకు మక్తల్‌లో ఎవరున్నారని? ఎవరూ లేరు. అందుకే సరేనన్నాను.

దేవరకొండ దారిలో

తెల్లారి బయలుదేరాం. కారు కూర్చుంది. డోరు కింద గడపలా ఉండే రేకును కోసి నేలతో సమానం చేశాడు నర్సింహ. ముందు సీటు తీసేసి, కుర్చీ ఎత్తులో డోరు వైపు తిరిగే సీటు పెట్టాడు. దాని గుడ్డకు కట్లు కట్టింది అండాలే. కర్ర ఆనించుకుంటూ వచ్చి, పాదం లేపకుండానే లోపలికి జరిపి, కూర్చుంది. తల తగులుతుందేమోనని నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను.

"నేను ముందే వంగి ఉన్న అక్కా. ఇంక కొత్తగ వంగే పని లేదు," అని నవ్వింది.

పత్తి చేన్లు తెల్లగా విచ్చుకున్నాయి. ఆటోల నిండా కూలీలు, వాళ్లు కూడా మమ్మల్ని దాటిపోతూ చేతులూపుతున్నారు. స్పీడ్ బ్రేకరు వస్తే కారును పైకి లేపడం, దాటాక దించడం. మా కరీంనగర్ వైపు కాలువ నీళ్లూ వరి పచ్చదనమూ ఉంటాయి కాబట్టి కళ్లకు ఊరట. ఇక్కడ ఎర్రమట్టి, గుండ్లు, కంది చేన్లు. వేగంగా పోతే ఇదంతా ఒకటే రంగుగా కనబడేదేమో. మేం పోయిన తీరులో పోతే కంది పువ్వు మీద వాలిన సీతాకోకచిలుకను కూడా చూడొచ్చు. మధ్యాహ్నం దాకా ఈ సంగతి నాకు తోచలేదు. అప్పటిదాకా గడియారం చూస్తూ పళ్లు నూరుకున్నాను.

దేవరకొండలో కానిస్టేబులు ఆపాడు. కాగితాలు అడుగుతాడనుకుంటే, "ఇదేంది, కూసుంటదంట గదా? ఏదీ, ఒకపారి కూసోబెట్టు," అన్నాడు. నర్సింహ కూర్చోబెట్టాడు. లేపమన్నాడు, లేపాడు. ఈలోగా చాయ్ బండి దగ్గరున్న జనమంతా చేరారు. వాళ్ల కోసం ఇంకోసారి. చాయ్ బండాయన మా దగ్గర పైసలు తీసుకోలేదు. ఒక ముసలామె మాత్రం అండాలు వైపు డోరు దగ్గరికొచ్చి, ఆమె చేతుల్ని చూసి, తన చేతుల్ని చూపించింది. వేళ్లు అట్లాగే బిగుసుకుపోయి ఉన్నాయి. "నీ తమ్ముడు చేసిండా బిడ్డా? సల్లగుండాలె," అంది. నా కళ్లు చెమ్మగిల్లాయి. అండాలు మాత్రం "మీ ఊరికొస్తే నిన్ను గూడ ఎక్కిచ్చుకుంట అవ్వా" అంది హుషారుగా.

అచ్చంపేట: లచ్చయ్య జీపు

డిండి దాటాక గాలి మారింది. నల్లమల అంచున అచ్చంపేటలో ఆ రాత్రి బస. అక్కడ నర్సింహకు స్నేహితుడు లచ్చయ్య. అడవి దగ్గరి పెంటలకు, అంటే చిన్న చిన్న గూడేలకు, జీపులో జనాన్ని చేరవేస్తాడు. ఆయన పాత జీపు నిండా జింకలు, నెమళ్లు, వెనకాల పులి. పులి ముఖం ఎందుకో బాధపడుతున్నట్టు ఉంది. రంగు వేసింది నర్సింహేనట, పులిని ఎప్పుడూ చూడకుండా వేశానని చెప్పుకున్నాడు.

"నా బండి కూసోదు, లేవదు," అన్నాడు లచ్చయ్య. "కని మోగుతది." హారన్ నొక్కితే సన్నాయి మేళం వినబడింది. పెంటల్లో కాన్పు నొప్పులు మొదలైన ఆడవాళ్లను దవాఖానకు తెస్తున్నప్పుడు అదే నొక్కుతాడట. దారిలో ఉన్న లారీలు ఆ మోత గుర్తుపట్టి పక్కకు తప్పుకుంటాయని గర్వంగా చెప్పాడు. షోకు అని నేను అన్న మాటను అప్పుడు మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఆపైన సీతాఫలాలు. కాలం అయిపోవచ్చింది గాని చివరి కాపు తియ్యగా ఉంది. మా దగ్గర మార్కెట్లో ఒక్కో పండూ బేరమాడి కొంటాం. అక్కడ గంప ముందు పెట్టి, నువ్వు చాలనేదాకా తినమంటారు. లచ్చయ్య భార్య పెండ్లిపిల్ల కోసం సీసా నిండా అడవి తేనె ఇచ్చింది. పొద్దున బయలుదేరుతుంటే లచ్చయ్య కూడా జీపు తీశాడు. "బరాత్‌కు మేళం ఒద్దా?" అన్నాడు.

జడ్చర్ల: ఖాజా భాయ్ షెడ్డు

జడ్చర్లలో లారీల మోత, మందుల కంపెనీల వాసన, ఎటు చూసినా తొందర. నాకు మాత్రం సొంతూరికి వచ్చినట్టనిపించింది. రోడ్డు పక్క షెడ్డులో ఖాజా భాయ్ ట్రాలీ జాకీలు బాగుచేస్తాడు. కూసునే కారుకు జాకీలు పెట్టింది ఆయనే. ఊరి బయటి పాత ఇనుప సామాన్లోంచి ఏరి తెచ్చిన పద్మిని కారును తనకోసం చేసుకున్నాడు. పాలపిట్ట రంగు, లోపల దీపాల తోరణం. రంజాన్ రోజు పిల్లల్ని ఎక్కించుకుని నెమ్మదిగా పేట అంతా తిప్పుతాడట.

ఇరానీ చాయ్ వచ్చింది. ఖాజా భాయ్ కారు కింద దూరి చాలాసేపు చూసి, బయటికొచ్చి తల గోక్కున్నాడు.

"దించే వాల్వ్ జర గట్టిగైంది నర్సింహా. కొత్తది రేపు పొద్దుగూకినంక వస్తది. ఒక్క దినం ఆగు."

రేపే పెండ్లి. నర్సింహ అక్క వైపు చూశాడు. ఆమె చీర కొంగు అంచును వేళ్లతో మడుస్తూ కూర్చుంది.

"పోదాం," అన్నాడు నర్సింహ. "మెల్లగ పోత."

"మెల్లగనే గద ఎప్పుడు పోయేది," అని విసుక్కుంటూనే ఖాజా భాయ్ పనిముట్ల పెట్టె తన కారులో పడేశాడు. ఆ రాత్రి అక్కడే ఉండి, తెల్లారి మేం మూడు బండ్లం అయ్యాం. ముందు సన్నాయి జీపు, నడుమ కుంకుమ రంగు కారు, వెనక పాలపిట్ట. మహబూబ్‌నగర్ దాటేటప్పుడు బడి పిల్లలు గోడలెక్కి చూశారు. నేను వెనక సీట్లోంచి చేతులూపుతున్నాను. మంత్రిగారి భార్యలా కూర్చున్నావని అండాలు ఆటపట్టించింది.

మక్తల్: లేచిన కారు

మక్తల్ పొలిమేరలో టిఫిన్ కోసం ఆగాం. బొరుగులు నానబెట్టి పోపు పెట్టిన ఉగ్గాని, పక్కన మిర్చి బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు, మా దగ్గర ఆ ధరకు రెండు ఇడ్లీలు కూడా గట్టిగా రావు. హోటలాయన నాతో తెలుగులో, వంటాయనతో కన్నడంలో, ఫోనులో ఉర్దూలో మాట్లాడుతున్నాడు. అండాలు కిందికి దిగకుండా కారులోనే తింది. తర్వాత ఊళ్లోకి తిరిగే చోట రోడ్డంతా తవ్వి ఉంది. నర్సింహ కారును ఎంత లేస్తే అంత పైకి లేపాడు. గుంతలన్నీ దాటాం.

పెండ్లింటి ముందు పందిరి, జనం. పెద్దక్క హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. నర్సింహ మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. కారు అట్లాగే, లారీ అంత ఎత్తున నిలబడి ఉంది.

ఖాజా భాయ్ కింద దూరి, నూనె చేతులతో బయటికొచ్చాడు. "వాల్వ్ ఇరికింది. పైపు ఇప్పితే దిగుతది, కని ఒక్కసారే కూలుతది. లోపల చెల్లె ఉన్నది. నేను ఇప్ప."

జనం గుమిగూడారు. ఎవరో పెద్దమనిషి కండువా నడుముకు కట్టుకుని ముందుకొచ్చాడు. "ఇంతమందిమి ఉన్నం, ఎత్తి దించుతం. గింతదానికి ఫికర్ ఎందుకు?" ఆయనది మంచి మనసే. డోరు తీసి చేతులు చాపాడు.

"ఒద్దు!" అంది అండాలు.

ఆ ఒక్క మాటకు ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. నర్సింహ కింద కూలబడి తల పట్టుకున్నాడు. "తప్పైంది అక్కా. ఒక్క దినం ఆగుంటే అయిపోయేది," అంటున్నాడు. పెద్దక్క హారతి పళ్లెం పట్టుకునే ఏడ్చేసింది. పందిట్లోంచి సంధ్య, పసుపు చీరలో, నగలతో, పరుగెత్తుకొచ్చింది. "చిన్నమ్మా, నేను ఎత్తుకుంట, ఎవ్వరు ముట్టరు," అంది. అండాలుకు తల అడ్డంగా ఊపడానికి కూడా రాదు కదా, చెయ్యి మాత్రం అడ్డంగా ఊపింది. ఆ ఊపడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. రాను రాను ఆమె ముఖం గట్టిపడింది. తిరిగి గట్టుప్పల్‌కే పోదామంటుందని నాకు భయమేసింది.

అప్పుడు అండాలు చూపు పెద్దక్క ఇంటి వైపు పోయింది. తలుపు తెరిచి ఉంది. లోపల మగ్గం కనబడుతోంది. అక్కడి మగ్గాలు కూడా గుంట మగ్గాలే. నేసే మనిషి నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి పెట్టుకుని తొక్కుతాడు.

"తమ్మీ," అంది మెల్లగా. "మగ్గం ఎత్తుగ ఉంటే మన నాయిన ఏం చేసెటోడు? కాళ్ల కింద గుంట తీసెటోడు. చక్రాల కింద గుంట తీయుండ్రి."

పెద్దక్క భర్తకు అందరికంటే ముందు అర్థమైంది. లోపలికి పోయి గడ్డపార తెచ్చాడు. కండువా కట్టుకున్న పెద్దమనిషి పార అందుకున్నాడు. వాకిట్లోది మెత్తటి మట్టి. చక్రాల బాటకు సరిపోయేలా, ఏటవాలుగా రెండు గాడులు తీశారు. బ్యాండువాళ్లు డప్పులు పక్కన పెట్టి తట్టలు మోశారు. లచ్చయ్య కొలత చూడటానికి మాటిమాటికీ నేల మీద బోర్లా పడుకున్నాడు, తెల్ల చొక్కా ఎర్రబడింది. పెండ్లికొచ్చిన ఆడవాళ్లు పట్టుచీరలు పైకి దోపుకుని మట్టి పక్కకు లాగారు. పంతులు ముహూర్తం మించుతోందని అరుస్తున్నాడు. టైము గురించి ఎవరైనా అరిస్తే నేను వాళ్ల పక్షమే. ఆ రోజు మాత్రం ఆయన దగ్గరికి పోయి, "జర ఆగుండ్రి పంతులుగారూ, ప్యాసింజర్ దిగుతాంది," అన్నాను.

నర్సింహ కారును అంగుళం అంగుళం ముందుకు పోనిచ్చాడు. చక్రాలు గాడుల్లోకి దిగాయి. డోరు అడుగు వాకిలితో సమానమైంది. అండాలు సీటు తిప్పుకుంది. కర్ర నేల మీద ఆనించింది. ఒక పాదం జరిపింది, తర్వాత ఇంకోటి. మక్తల్ మట్టి మీద తన కాళ్లతో తాను నిలబడింది. సంధ్య ఏడుస్తూ ఆమె భుజం మీద తల పెట్టింది. బ్యాండువాళ్లు ఎవరూ చెప్పకుండానే డప్పు అందుకున్నారు.

బరాత్

పెండ్లి జరిగింది. ఓళిగలతో భోజనం. మేం పోలెలు అనే బొబ్బట్లే ఇవి. ఆ పూట నేను ఎన్ని తిన్నానో అడగొద్దు. ఈలోగా కారును గాడుల్లోంచి పైకి తీసి, ఖాజా భాయ్ పైపు విప్పి, వాల్వు కడిగి, మళ్లీ బిగించాడు. సాయంత్రానికి కారు కూర్చుంటోంది, లేస్తోంది.

పెండ్లికొడుకు ఇల్లు అదే ఊళ్లో, బజారుకు అవతల. పొద్దు వాలుతుండగా బరాత్ బయలుదేరింది. కుంకుమ రంగు కారులో పెండ్లిపిల్ల, పెండ్లికొడుకు. లచ్చయ్య సన్నాయి వెనకాల, ఖాజా భాయ్ దీపాలు ఆ వెనకాల. కుర్రవాళ్లు ఎగరడానికి ముందుకు ఉరికారు. అప్పుడు అండాలు వచ్చి, కారు బానెట్ ముందు, వీధి నడుమ నిలబడింది. నర్సింహ తల బయటికి పెట్టి అందరికీ వినబడేలా చెప్పాడు. "అక్క ఎంత నడిస్తే బండి అంత. ముందుకు ఉరికినోళ్లు మల్ల ఎనకకు రావాలె."

ఆమె నడిచింది. కర్ర, పాదం, పాదం. కారు ఆమె వెనకే, మనిషి నీడలాగా వచ్చింది. డప్పు గట్టిగా పడినప్పుడల్లా నర్సింహ కారును వంచి లేపాడు. లోపల పెండ్లికొడుకు పగిడీ జారిపోయి సంధ్య నవ్వు ఆపుకోలేకపోయింది. ముందుకు ఉరికిన కుర్రవాళ్లు కాసేపటికి వెనక్కి వచ్చి, అండాలు చుట్టూ ఆమె అడుగుకు తగ్గట్టే ఎగిరారు. మేడల మీది నుంచి జనం పూలు చల్లారు. నేను ఆమె పక్కనే నడిచాను. అంత నెమ్మదిగా నేను జన్మలో నడవలేదు. అంత సంతోషంగా కూడా నడవలేదు, ఆ మాట దాచుకోవడం ఎందుకు? బజారు దాటేసరికి చీకటి పడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే పెండ్లింట్లో ఉన్నవాళ్లంతా, వంటవాళ్లతో సహా, మా వెనకాలే ఉన్నారు.

పెండ్లికొడుకు ఇంటి ముందు కారు కూర్చుంది. సంధ్య దిగింది. అప్పుడు పెద్దక్క ఉలిక్కిపడి నడుం తడుముకుంది. ఇంటి తాళం చెవి లేదు. "అయ్యో, సంచులు! నగల పెట్టె! సంచుల కాడ ఎవరున్నరు?" అని, అలవాటు కొద్దీ, చెల్లెలి వైపు చూసింది.

అండాలు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, మనిషి మొత్తం మెల్లగా ఆమె వైపు తిరిగింది.

"నా దిక్కు చూస్తవేందక్కా?" అంది. "నేను బరాత్‌ల ఉన్న."